తిరగేసిన ప్రశ్నలు

మనుషుల మనసుల గురించి చెబుతారని సైకాలజీ డిగ్రీలో చేరాను. మూడో ఏడాదికి వచ్చేసరికి నాకు చెప్పిందల్లా ఆ మనసుల్ని ఎలా కూడాలి, ఎలా భాగించాలి అన్నదే. స్టాటిస్టిక్స్ లేకుండా సైకాలజీ లేదట. మొదటి క్లాసులోనే ఆ మాట అన్నారు, ఏదో శుభవార్త చెబుతున్నట్టు. లెక్కలకి భయపడి ఇటు పారిపోయి వచ్చిన సగం క్లాసు అప్పుడే మొహాలు వేలాడేసింది. నాకు లెక్కలంటే భయం లేదు. నాకు కలిగింది అసహ్యం. భయమైతే దగ్గరికి పోకుండా తప్పించుకోవచ్చు. అసహ్యమైతే ఎంత దూరం జరిగినా ముక్కుకి తగులుతూనే ఉంటుంది.

ముక్కు సంగతి ఊరికే అనలేదు. మా కంప్యూటర్ గది కిటికీలు తెరుచుకోవు. కీబోర్డుల మీద మాకంటే ముందు చదివినవాళ్ళు తిన్న చిరుతిళ్ళ జిడ్డు అలాగే ఉంది, స్పేస్ బార్ వేలికి అంటుకుని పైకి వస్తుంది. ఆ గదిలో మా గైడ్ సారు వెనక నుంచి వచ్చి, భుజం మీదుగా వంగి స్క్రీన్ చూస్తాడు. నోట్లో ఎప్పుడూ ఓ దగ్గు బిళ్ళ ఉంటుంది. అది పళ్ళకి తగిలి టక్కుమంటుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆయనకి మేం పెట్టుకున్న పేరు పాయింట్ జీరో ఫైవ్.

ఆ పేరు ఎందుకంటే, ఏ లెక్క చేసినా చివర పి వాల్యూ అని ఒక అంకె వస్తుంది. అది పాయింట్ జీరో ఫైవ్ కన్నా తగ్గితే మీరు కనిపెట్టిన తేడా నిజమైనదని లోకం ఒప్పుకుంటుంది, పేపరు అచ్చవుతుంది. దాటితే మీ ఏడాది కష్టం గంగపాలు. సారుకి ఆ అంకె మీద ఉన్న ప్రేమ ఇంకేదాని మీదా ఉన్నట్టు నేను చూడలేదు.

చివరి ఏడాది ప్రాజెక్టుకి మా ముగ్గుర్ని ఒక జట్టు చేశారు. నేను, లీడరమ్మ, గోళ్ళరాయుడు. లీడరమ్మని ఎవరూ ఎన్నుకోలేదు, తనే అయిపోయింది. గోళ్ళరాయుడు గోళ్ళు కొరికి, కొరికినవి టేబుల్ అంచు మీద వరసగా పెడతాడు. విషయం సారే ఇచ్చాడు. భర్త పోయిన ఆడవాళ్ళలో రెండు గుంపులు. ఒక గుంపు సారు నడిపే కౌన్సెలింగ్ సెంటర్‌కి ప్రతివారం వెళ్ళి కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. రెండో గుంపు ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు. వెళ్ళేవాళ్ళకి దుఃఖం తక్కువగా ఉందని మేం తేల్చాలి. ఉందా అని చూడమనలేదు, ఉందని తేల్చమన్నాడు. ఆ పేపరు పట్టుకుని ఆయన ఎక్కడో మీటింగులో మాట్లాడాలట.

ఎక్కడికీ వెళ్ళని గుంపులో చేర్చడానికి నాకు మా పిన్ని గుర్తొచ్చింది.

పిన్ని అంటే అమ్మ సొంత చెల్లెలు. డ్రైక్లీనింగ్ షాపులో కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. బట్ట చేతికి తీసుకోగానే కాలరు, చంకలు, అంచులు తిప్పి చూసి, అప్పటికే ఉన్న మరకలకి రసీదు మీద ఇంటూ గుర్తులు పెడుతుంది. నేనైతే పరాయివాళ్ళ చెమట మరకలు చూస్తేనే మొహం తిప్పుకుంటాను. పిన్ని మాత్రం మరకని మరకలా చూస్తుంది.

బాబాయి పోయి ఏడాది దాటింది. ఆయన్ని ఎరిగినవాళ్ళంతా నోట్లో నాలుక లేని మనిషి అంటారు. నిజమే, ఆయన గొంతు లేవడం నేనెప్పుడూ వినలేదు. కూరలో ఉప్పు చిటికెడు అటో ఇటో అయితే కంచం పట్టుకుని లేచేవాడు. తొందర లేకుండా సింకు దగ్గరికి వెళ్ళి మొత్తం అందులో ఒంపేవాడు. కంచం కడుక్కుని వచ్చి మళ్ళీ తన కుర్చీలో కూర్చునేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. పిన్ని మళ్ళీ పొయ్యి వెలిగించేది. సింకు జాలీలో ఇరుక్కున్న మెతుకులు వేళ్ళతో తీసేదీ పిన్నే. చిన్నప్పుడు సెలవులకి వాళ్ళింట్లో ఉన్నప్పుడు చూశాను.

"మీ అమ్మతో అనకు తల్లీ, బాధపడుతుంది" అంది పిన్ని అప్పుడు. నేను అనలేదు.

బాబాయి పోయాక అమ్మ కనబడిన వాళ్ళందరికీ ఒకటే మాట చెప్పేది, "మా చెల్లెలు ఇంకా మనిషి కాలేదు, లోపల్లోపలే కుమిలిపోతోంది" అని. అమ్మ పక్కన ఉన్నప్పుడు పిన్ని తల దించుకునేది. షాపులో ఒక్కతే ఉన్నప్పుడు సన్నగా ఏదో కూనిరాగం తీస్తూ రసీదులు రాయడం నేను చూశాను.

ప్రశ్నాపత్రం తీసుకెళ్ళి కౌంటర్ మీద పెట్టాను. పిన్ని దాన్ని కూడా ముందూ వెనకా తిప్పి చూసింది.

"ఇది ఎవరు చూస్తారే?"

"మనుషులు చూడరు పిన్నీ, కంప్యూటర్ చూస్తుంది. పేరు రాయక్కర్లేదు."

"మీ అమ్మ?"

"అమ్మకేం పని? ఎవరికీ తెలీదు."

పిన్ని కాసేపు ఆలోచించింది. "ఉన్నదున్నట్టు పెడితే లెక్కలో వేస్తారా, లేకపోతే ఇదేం సమాధానమని అవతల పారేస్తారా?"

"లెక్కలో వేయడానికే కదా అడిగేది" అన్నాను. పెద్ద తెలిసినదానిలా అన్నాను.

ప్లాస్టిక్ కవర్లు తొడిగిన కోట్లు వేలాడే వరస వెనక్కి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. ఈలోగా వచ్చిన ఇద్దరికి బట్టలు నేనే ఇచ్చి పంపాను. పిన్ని బయటికొచ్చి కవరు అంటించి ఇచ్చింది. "ఎవరో ఒకరు అడిగారు, అది చాలు" అంది. మొహం కడుక్కుని వచ్చిన మనిషిలా ఉంది.

సమాధానాలన్నీ కలిపేసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే పిన్ని కాగితం తగిలింది. అందరూ టిక్కులు పెడితే ఒక్క కాగితం మీద ఇంటూ గుర్తులున్నాయి. చూడకూడదు, తెలిసీ చూశాను. "ఆయన లేని ఇల్లు నాకు బావురుమంటోంది" అన్నదానికి అస్సలు నిజం కాదు. "ఆయన గుర్తొస్తే తిండి సయించదు" అన్నదానికి అస్సలు నిజం కాదు. ఆ దగ్గర పెన్ను కాస్త గట్టిగా ఒత్తినట్టుంది, కాగితం వెనక తడిమితే తెలుస్తోంది.

లెక్క చేశాం. పి వాల్యూ పాయింట్ జీరో సెవెన్ వచ్చింది. లీడరమ్మ తల పట్టుకుంది. గోళ్ళరాయుడు బొటనవేలు నోట్లో పెట్టాడు. సారు వచ్చి నా భుజం మీదుగా వంగాడు. స్క్రీన్ మీద ఒక్కో మనిషీ ఒక్కో చుక్క. ఎక్కడికీ వెళ్ళని గుంపు చుక్కలన్నీ పైన ఒకచోట ఉన్నాయి, ఒక్కటి మాత్రం అట్టడుగున ఉంది.

"ఈవిడెవరు కింద?" అన్నాడు.

"అవుట్‌లయర్ సార్, గుంపులో కలవదు" అంది లీడరమ్మ, పురుగుని చూపించినట్టు చూపిస్తూ.

"తీసి చూడండి."

తీసింది. పాయింట్ జీరో ఫోర్. లీడరమ్మ చప్పట్లు కొట్టింది. సారు నోట్లో బిళ్ళ ఆ చెంప నుంచి ఈ చెంపకి మారింది. ఒక మనిషి చెప్పింది చెరిపేసినందుకు ఆ గదిలో పండగలా ఉంది.

"ఎందుకు తీస్తున్నాం సార్?" అన్నాను.

"చదవకుండా కొట్టేసి ఉంటుంది అమ్మాయ్. ఇలాంటివాళ్ళు ప్రతి సర్వేలో ఉంటారు."

నాకు ఒళ్ళు మండింది. బట్ట అంచు తిప్పందే చేతికి తీసుకోని మనిషి చదవకుండా కొట్టేసిందట. కానీ ఆవిడ మా పిన్ని అని చెప్పే వీల్లేదు. పేర్లు బయటపెట్టకూడదన్నది చదువు పెట్టిన నియమం, దానికి మించి నేను ఇచ్చిన మాట. పిన్ని పేరెత్తకుండా పిన్ని కాగితాన్ని కాపాడాలి. అప్పుడు ఆ పాడు స్టాటిస్టిక్స్ నాకు మొదటిసారి పనికొచ్చింది.

ఇలాంటి ప్రశ్నాపత్రాల్లో మధ్య మధ్య కొన్ని తిరగేసిన ప్రశ్నలు పెడతారు. మిగతావన్నీ దుఃఖం గురించి అడుగుతుంటే అవి దానికి వ్యతిరేకమైనది అడుగుతాయి. చదవకుండా ఒకే వరసలో టిక్కులు కొట్టుకుంటూ పోయేవాళ్ళు అక్కడ దొరికిపోతారు. మా దాంట్లో నాలుగున్నాయి. "ఈ మధ్య ప్రాణం తేలికపడినట్టుంది" అన్నది వాటిలో ఒకటి. నేను కాగితాల కట్ట తెచ్చి టేబుల్ మీద పరిచాను.

"చూడండి సార్. ఈవిడ అన్నిటికీ అస్సలు నిజం కాదు అని పెట్టింది. ఈ నాలుగింటి దగ్గర మాత్రం ఆ చివరికి వెళ్ళి పూర్తిగా నిజం అని పెట్టింది. చదవకపోతే ఎలా మారుస్తుంది? ఇప్పుడు ఇవి చూడండి." గోళ్ళరాయుడు ఇళ్ళకి తిరిగి తెచ్చిన కాగితాలు ముందుకు తోశాను. పై నుంచి కింద దాకా ఒకే వరసలో టిక్కులు. "ఆయన లేకపోతే బతకలేను అన్నదానికీ పూర్తిగా నిజం. ప్రాణం తేలికపడింది అన్నదానికీ పూర్తిగా నిజం. చదవనిది ఎవరు?"

సారు గోళ్ళరాయుడి వైపు చూశాడు. వాడు వేలు నోట్లోంచి తీశాడు.

"ఇంట్లోవాళ్ళు పక్కనే కూర్చున్నారు సార్. ఒకావిడ పెన్ను పట్టుకుని ఆలోచిస్తుంటే వాళ్ళత్తగారు, ఆలోచించేదేముంది, అన్నిటికీ నిజమనే పెట్టు, నలుగురూ ఏమనుకుంటారు అంది. ఇంకో ఇంట్లో కొడుకే పెట్టేశాడు."

"మరి నాకెందుకు చెప్పలేదురా?" అంది లీడరమ్మ.

"కాగితాలు నిండాయి కదా" అన్నాడు వాడు.

గెలిచాననుకున్నాను. సారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏమాత్రం తొణకలేదు.

"అంటే ఈ తిరగేసిన ప్రశ్నలు జనానికి అర్థం కావట్లేదన్నమాట. ఆ నాలుగూ తీసేస్తే ప్రశ్నాపత్రం ఎంత మెరుగుపడుతుందో చూడండి."

సాఫ్ట్‌వేర్‌లో దానికి ఒక బటన్ ఉంది. నిజంగానే ఉంది. ఏ ప్రశ్న తీసేస్తే మిగతావి ఒకదానితో ఒకటి ఎంత బాగా కలుస్తాయో పట్టిక వేసి చూపిస్తుంది. నాలుగూ తీసేశాక అంకె నిగనిగలాడింది. ఆ నాలుగూ పోయాక పిన్ని కాగితంలో మిగిలింది ఒకే వరస, పై నుంచి కింద దాకా అస్సలు నిజం కాదు.

"ఇప్పుడు చూడు, ఈవిడ ఒకే వరసలో కొట్టేసింది. నిబంధన ప్రకారం చెల్లదు" అన్నాడు సారు.

"ఒకే వరసలో పెట్టినవాళ్ళు పైన కూడా ఉన్నారు కదా సార్. వాళ్ళూ చెల్లకూడదు."

"వాళ్ళది దుఃఖం అమ్మాయ్. భర్త పోయిన ఆడమనిషికి అది సహజం." పిన్ని కాగితం మీద వేలితో కొట్టాడు. "ఇది సహజం కాదు."

అంత మెత్తగా అన్నాడు. గొంతు లేవలేదు. నాకు సింకు దగ్గర నిలబడ్డ బాబాయి గుర్తొచ్చాడు. బాత్రూమ్‌కి వెళ్ళి మొహం కడుక్కుని తిరిగి వచ్చేసరికి లీడరమ్మ నా వంతు స్లైడ్ కూడా తయారుచేసి పెట్టింది. ఎవరూ వినని భాగం కాబట్టి పద్ధతి గురించి చెప్పే పని నాకిచ్చారు. అందులో ఒక వాక్యం, "అజాగ్రత్తగా నింపిన ఒక ప్రశ్నాపత్రాన్ని తొలగించాం" అని. నా పైచదువుకి సిఫార్సు ఉత్తరం తనే రాయాలని సారు వెళ్తూ వెళ్తూ గుర్తుచేశాడు.

ప్రాజెక్టు చెప్పే రోజు సెంటర్‌కి వచ్చేవాళ్ళనీ, ప్రశ్నలకి జవాబిచ్చిన వాళ్ళనీ అందరినీ పిలిచాడు సారు. హాలు నిండుగా ఉంటే ఫొటోలు బాగా వస్తాయట. పిన్నిని రావద్దని చెప్పి చూశాను.

"అదేంటే, నా అంకె ఎలా కనబడుతుందో చూడొద్దా?" అంది. చెల్లెల్ని ఒంటరిగా పంపకూడదని అమ్మ కూడా బయల్దేరింది.

వెనక వరసలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పిన్ని బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, స్క్రీన్ మీది ప్రతి అక్షరం చదువుతోంది. ముందు వరసలో వేరే కాలేజీ నుంచి మార్కులు వేయడానికొచ్చిన పెద్ద మేడం కునుకుపాట్లు పడుతోంది. లీడరమ్మ మాట్లాడింది. నా వంతు వచ్చింది. ఆ వాక్యం దగ్గరికొచ్చి ఆగాను. పిన్ని అప్పటికే చదివేసింది. బ్యాగు మీద చెయ్యి బిగిసింది. అజాగ్రత్త అన్న మాట తన గురించి ఎవరూ ఎప్పుడూ అని ఉండరు, ఉప్పు విషయంలో తప్ప, అదీ మాటల్లో కాదు.

"ఒక ప్రశ్నాపత్రాన్ని తొలగించాం" అన్నాను. "అజాగ్రత్తగా నింపారని ఇక్కడ రాశాం. అది అబద్ధం. అందరికన్నా జాగ్రత్తగా నింపిన కాగితం అదొక్కటే. ఆ జవాబులు మాకు నచ్చలేదు, తీసేశాం."

సారు బిళ్ళ చప్పుడు ఆగింది. పెద్ద మేడం కళ్ళు తెరిచింది.

"జాగ్రత్తగా నింపిందని నీకెలా తెలుసు?"

తిరగేసిన ప్రశ్నల గురించి చెప్పాను. "ఆ నాలుగు ప్రశ్నలూ ఈ పత్రంలో లేవే" అంది మేడం. "అవీ తీసేశాం" అన్నాను. "అయితే ఆ కాగితం చూపించు" అంది.

కాగితం నా ఫైల్లోనే ఉంది. కెమెరా కింద పెడితే స్క్రీన్ మీద పడుతుంది. ఆ ఇంటూ గుర్తుల్ని అమ్మ రసీదుల మీద చూసే ఉంటుంది, ఇట్టే పోల్చుకుంటుంది. కాగితం చూపిస్తే పిన్ని నలుగురిలో పడుతుంది, చూపించకపోతే పిన్ని చెప్పింది అజాగ్రత్త కింద పోతుంది. ఫైలు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను.

"చూపించలేను మేడం. మాటిచ్చాను" అన్నాను.

"అదీ సంగతి" అన్నాడు సారు నవ్వుతూ. "పిల్ల కాస్త కంగారు పడింది మేడం. తర్వాతి స్లైడ్‌కి వెళ్దాం."

వెనక వరసలో కుర్చీ చప్పుడైంది. పిన్ని లేచి నిలబడింది.

"కూర్చోవే, నీకెందుకు" అంది అమ్మ చెయ్యి లాగుతూ.

"ఆ కాగితం నాదండీ" అంది పిన్ని. షాపులో రసీదు ఇచ్చేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడింది. "ప్రతి ప్రశ్నా చదివే పెట్టాను. తేలికపడిందా అని అడిగారు. పడింది. పడిందనే పెట్టాను."

సెంటర్‌కి వచ్చే ఆడవాళ్ళలో ఒకావిడ తల తిప్పి పిన్నిని చూసింది, చాలాసేపు చూసింది. సారు గొంతులో తేనె కలిపాడు.

"అమ్మా, మీరు ఇంకా ఆ దెబ్బలోనే ఉన్నారు. అందుకే అలా అనిపిస్తుంది. మా సెంటర్‌కి ఒకసారి రండి."

"అడిగారు కాబట్టి చెప్పాను బాబూ. నచ్చనప్పుడు అడక్కుండా ఉండాల్సింది" అని పిన్ని కూర్చుంది.

పెద్ద మేడం పెన్ను తీసి ఏదో రాసుకుంది. ఆవిడని కలిపి ఒక లెక్క, కలపకుండా ఒక లెక్క, తీసేసిన ప్రశ్నలతో సహా రెండూ పెట్టి మళ్ళీ ఇమ్మంది. సారు ఆ సాయంత్రమే పేపరు మీద తన పేరు కొట్టేసుకున్నాడు. ఉత్తరం సంగతి ఇక నేను అడగలేదు, ఆయన ఎత్తలేదు. పిన్ని చుక్క మాత్రం మళ్ళీ అట్టడుగున తన చోటికి వచ్చింది.

ఆ రోజు తిరిగి వస్తుంటే బస్సులో అమ్మ, పిన్ని ఒక సీట్లో కూర్చున్నారు, నేను వాళ్ళ వెనక సీట్లో. నాకు కడుపు నిండినట్టుంది. లెక్కలో వేస్తారని మాటిచ్చాను, నిలిచింది, నా వల్ల కాకపోయినా నిలిచింది అనుకుంటున్నాను.

"నలుగురిలో అనాల్సిన మాటేనా అది?" అంది అమ్మ.

"అడిగారు, చెప్పాను అక్కా."

"మనిషి పోయాక కూడా ఆ ఉప్పు గొడవేనా?"

పిన్ని మెల్లగా అమ్మ వైపు తిరిగింది. నేను ఎవరికీ చెప్పలేదు. పిన్నీ చెప్పలేదు.

"నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి? మీ ఇంటికి వచ్చినప్పుడల్లా సింకు నిండా అన్నం కనబడేది, నువ్వేమో ఉప్పు చూసుకుంటూ మళ్ళీ వండుతుండేదానివి. అడిగితే నువ్వు బాధపడతావని ఊరుకున్నాను." అమ్మ బ్యాగు జిప్పు తీసింది, మళ్ళీ వేసింది. "చెయ్యి చేసుకునేవాడా? తాగేవాడా? నాలుగిళ్ళు చూస్తే మీ ఆయనే నయం. ఆ కాస్తదానికి ఇంత చేస్తావనుకోలేదు."

"నువ్వు బాధపడతావనే నేనూ దాచాను" అంది పిన్ని.

బస్సు ఆగింది. పిన్ని లేచి, అమ్మ మోకాళ్ళు తగలకుండా పక్కకి ఒదిగి దాటి, మెట్ల వైపు నడిచింది.

"ఏమే, మన స్టాపు ఇది కాదే" అంది అమ్మ. నా వైపు తిరిగి, "చెప్పవే దానికి, ఇంకా ఆ దెబ్బలోనే ఉంది" అంది.

అమ్మ చెయ్యి నా చేతి మీద పడింది. మా అమ్మ చెయ్యే. కంప్యూటర్ గదిలో ఆ జిడ్డు కీబోర్డు ముట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని, బస్సు కదిలేలోగా నేనూ దిగాను.